ప్రాణం కాచే మీట కుడిచేతి వారికేనా?

పిస్తోలు సేఫ్టీ ఎడమచేతి వాటం వారికి అందుతుందా? తుపాకి లైసెన్సున్న ప్రతి ఇల్లూ తెలుసుకోవలసిన సంగతి

పిస్తోలు పిడికి కాస్త పైన, పక్కగా, వేలిగోరంత ఇనుప మీట ఒకటి ఉంటుంది. దాన్ని ఒకవైపు తిప్పితే ట్రిగ్గరు లాగినా తూటా పేలదు. రెండోవైపు తిప్పితే పేలుతుంది. దీన్నే సేఫ్టీ అంటారు. పాతకాలపు పిస్తోళ్లలో చాలావాటికి ఈ మీట ఎడమ పక్కనే ఉంటుంది. కుడిచేత్తో పిడి పట్టిన మనిషి బొటనవేలు సరిగ్గా అక్కడికి చేరుతుంది గనుక అక్కడ పెట్టారు. మరి ఎడమచేతి వాటం మనిషి సంగతేమిటి? అతని బొటనవేలు కుడి పక్కకు పోతుంది. అక్కడ మీట లేదు.

ఇంత చిన్న మీట గురించి ఇంత చెప్పాలా అనుకోవచ్చు. కానీ సేఫ్టీ పడిందనుకుని పడకపోతే పోయేది ప్రాణం. అది తుపాకి పట్టిన మనిషిదే కానక్కరలేదు. పక్కన నిలబడ్డవారిది కావచ్చు, ఇంట్లో ఆడుకుంటున్న పిల్లవాడిది కావచ్చు.

ఇక్కడ ఎవరి చేతిలో ఉన్నాయి?

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల ఊరు. రెండో బొంబాయి అని పేరు కూడా ఉంది. ఇలాంటి ఊళ్లలో బ్యాంకు గుమ్మం దగ్గర రెండు గొట్టాల 12 బోరు తుపాకితో కాపలా కాసేవారు చాలావరకు మాజీ సైనికులు. జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో పగలూ ప్రతీకారాలూ రగిలిన రోజుల్లో ఆత్మరక్షణ కోసమని లైసెన్సు తీసుకున్న కుటుంబాలు ఉన్నాయి. ఆ తగాదాల్లో ఎక్కువగా ప్రాణాలు తీసింది నాటుబాంబులూ వేటకొడవళ్లే. అయినా బీరువాలో ఒక పిస్తోలో, రివాల్వరో దాచుకున్న ఇళ్లు లేకపోలేదు.

మామూలు పౌరుడికి దొరికే పిస్తోలు ఎక్కువగా .32 బోరుది. సైన్యం, పోలీసులు వాడే 9 మిల్లీమీటర్ల పిస్తోలు చట్టం ప్రకారం నిషిద్ధ బోరు కిందకు వస్తుంది. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ ఈ రెండు రకాలూ తయారు చేసింది. రెండింటికీ సేఫ్టీ మీట ఎడమ పక్కనే.

ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఈ తుపాకులు చేతులు మారుతాయి. షెడ్యూలు వెలువడగానే లైసెన్సుదారులు ఆయుధాలను పోలీసు స్టేషన్‌లో జమ చేయాలని ఆదేశాలు వస్తాయి. 2019లోనూ, 2024లోనూ ఇదే జరిగింది. ఎన్నికలయ్యాక మళ్లీ తెచ్చుకోవాలి. ఇచ్చేవారి చేతివాటం ఒకటి, పుచ్చుకునేవారిది ఒకటి కావచ్చు. తుపాకి ఒక చేతి నుంచి మరో చేతికి మారే ఆ క్షణమే జాగ్రత్త పడవలసిన క్షణం.

కుడిచేతి లోకం

ప్రపంచంలో సుమారు పదిమందిలో ఒకరిది ఎడమచేతి వాటం అని పరిశోధకులు లెక్కవేశారు. మన పల్లెల్లో వీరిని పుర్రచేతి వాటం వారని కూడా అంటారు. మన లెక్కలో ఎడమచేయి మర్యాదకు పనికిరాదు. ఎడమచేత్తో అన్నం తింటే తల్లి కసురుతుంది. ఎడమచేత్తో డబ్బు ఇస్తే అంగడి వాడు ముఖం చిట్లిస్తాడు. బడిలో పలక ఎడమచేత్తో పట్టి రాస్తే వేళ్ల మీద బెత్తం పడ్డ రోజులు ఉన్నాయి.

దీంతో ఏమైంది? పుట్టుకతో ఎడమచేతి వాటం ఉన్నవాడు తినడం, రాయడం కుడిచేత్తో నేర్చుకున్నాడు. కానీ కుక్క మీదపడితే రాయి విసిరేది ఎడమచేత్తోనే. నేర్చుకున్న చేయి ఒకటి, కంగారులో ముందుకు వచ్చే చేయి మరొకటి. తుపాకి విషయంలో ప్రమాదం ఇక్కడే పొంచి ఉంది.

పనిముట్ల సంగతీ అంతే. కొడవలి పళ్లు కుడిచేతి కోతకు అనువుగా ఉంటాయి. దర్జీ కత్తెర కుడిచేతి బొటనవేలికి అమర్చి ఉంటుంది. పుర్రచేతి మనిషి వాటితోనే ఎలాగో సర్దుకుంటాడు. కొడవలి తెగకపోతే పని ఆలస్యమవుతుంది, అంతే. తుపాకితో సర్దుకోవడం అలాంటిది కాదు.

రాయలసీమకు తుపాకి కొత్త కాదు. 1800లో నిజాం నవాబు ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాక థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి పాలెగాళ్ల బలాన్ని అణిచాడు. ఆ కాలంలో కాలే వత్తిని రంజకానికి అంటించి పేల్చే తుపాకులు ఉండేవి. రంజకం పోసే పళ్లెం గొట్టానికి కుడి పక్కన ఉండేది. కుడిభుజానికి ఆనించి కాల్చేవాడి ముఖం తుపాకికి ఎడమ పక్కన ఉంటుంది గనుక మంట అవతలివైపు లేస్తుంది. ఎడమభుజానికి ఆనించి కాల్చేవాడికి ఆ మంట చెంప పక్కనే లేస్తుంది. అంటే తుపాకి కుడిచేతి పక్షాన నిలబడడం వందల ఏళ్ల నుంచీ ఉన్నదే.

గుర్రపు రౌతు కోసం పెట్టిన మీట

పిస్తోలుకు బొటనవేలి సేఫ్టీ ఎలా వచ్చిందో తెలిస్తే అది ఎడమ పక్కనే ఎందుకుందో అర్థమవుతుంది. అమెరికాలో జాన్ బ్రౌనింగ్ రూపొందించిన పిస్తోలును అక్కడి సైన్యం 1911లో తీసుకుంది. 1910 నాటి నమూనాకు ఈ మీట లేదు. పిడి వెనుక అరచేయి నొక్కితేనే పేలే ఏర్పాటు మాత్రమే ఉండేది. గుర్రపు దళం వారు అది చాలదన్నారు. పిస్తోలు తీసి గురిపెట్టి ఉండగా గుర్రం బెదిరితే? రెండు చేతులతో కళ్లెం పట్టాలంటే పిస్తోలును ముందు ఒక్క చేత్తోనే ప్రమాదం లేకుండా చేసి ఒరలో పెట్టాలి. అందుకు బొటనవేలితో పైకి నెట్టే మీట చేర్చారు.

రౌతు ఎడమచేతిలో కళ్లెం, కుడిచేతిలో పిస్తోలు. కాబట్టి మీట కుడి బొటనవేలికి అందేలా ఎడమ పక్కన వచ్చింది. తర్వాత వచ్చిన పిస్తోళ్లలో చాలావాటికి ఇదే బాట అయింది. బెల్జియంలో 1935లో వచ్చిన బ్రౌనింగ్ హై పవర్ పిస్తోలుకూ అంతే. మన ఇషాపూర్‌లో తయారైన 9 మిల్లీమీటర్ల పిస్తోలుకు అదే మూలం. గుర్రాలు పోయాయి, రౌతులు పోయారు, మీట మాత్రం ఉన్నచోటనే ఉండిపోయింది.

పుర్రచేతి వారి తిప్పలు

ఎడమచేత్తో ఇలాంటి పిస్తోలు పట్టినవారికి మీట తిప్పడానికి మూడే దారులు. మూడింటిలోనూ చిక్కుంది.

మొదటిది, చూపుడువేలిని వెనక్కి లాగి దానితో మీటను కదిలించడం. అది ట్రిగ్గరు లాగే వేలు. సేఫ్టీ తీసే వేలూ పేల్చే వేలూ ఒకటే అయితే తొందరలో ఒక పని మరో పనిలోకి జారుతుంది.

రెండోది, బొటనవేలిని పిస్తోలు వెనుక నుంచి ఎడమ పక్కకు వంచి తేవడం. పిస్తోలు పేలితే పైభాగం దెబ్బకు వెనక్కి దూసుకొస్తుంది. వేలు అక్కడే ఉంటే చర్మం చీలిపోతుంది. పైగా ఆ వేలు పైకి పోయినంతసేపూ పిడి మీద పట్టు ఉండదు.

మూడోది, రెండో చేతి సాయం తీసుకోవడం. మూడింటిలో ఇది మేలైనది. కానీ రెండో చేయి ఖాళీగా ఉంటేనే కుదురుతుంది.

వీటికి తోడు కనిపించని ప్రమాదం ఇంకొకటి ఉంది. ఎడమచేత్తో పట్టినప్పుడు మీట చూపుడువేలి మొదటి కణుపు దగ్గర ఉంటుంది. పట్టు బిగించినప్పుడు ఆ కణుపు తగిలి మీట దానంతట అదే కదలవచ్చు. వేసిన సేఫ్టీ ఊడవచ్చు, తీసిన సేఫ్టీ పడవచ్చు. పట్టినవాడికి తెలియకపోవచ్చు.

మీట ఒక్కటే కాదు. మేగజీను ఊడదీసే బొత్తాం ఎడమ పక్కన, ఖాళీ తూటా ఎగిరి పడేది కుడి పక్కకు. .303 రైఫిలుకు బోల్టు పిడి కుడి పక్కన. వెబ్లీ రివాల్వరు మడత విప్పే గడియ కుడి బొటనవేలికి అందేలా ఎడమ పక్కన. ఎటు చూసినా ఒకే చేయి.

సవ్యసాచి మీట

అర్జునుడికి సవ్యసాచి అని పేరు. రెండు చేతులతోనూ విల్లు ఎక్కుపెట్టగలవాడని అర్థం. మనిషి సవ్యసాచి కాకపోతే ఆయుధాన్నే సవ్యసాచిని చేయవచ్చు కదా అన్న ఆలోచన తుపాకుల నిపుణులకు వచ్చింది. 1911 నమూనాకు రెండు పక్కలా మీట అమర్చిన వారిలో అమెరికాకు చెందిన ఆర్మండ్ స్వెన్సన్ పేరు ప్రసిద్ధం.

అది పనిచేసే తీరు చెప్పుకుంటే సులువుగానే ఉంటుంది. ఎడమ పక్క మీటకు ఒక ఇరుసు ఉంటుంది. అది పిస్తోలు కడుపులోకి పోయి, హామరును పట్టి ఉంచే కొక్కేన్ని కదలకుండా అడ్డుకుంటుంది. ఆ ఇరుసును కుడి పక్కకు కూడా పొడిగించి, దాని కొసన రెండో మీట తగిలిస్తారు. ఇరుసు ఒకటే, మీటలు రెండు. ఏది తిప్పినా రెండూ కదులుతాయి. ఇద్దరు నడిపే తలుపు గడియ లాంటిదన్నమాట.

1980ల నుంచి పెద్ద కంపెనీలు ఈ దారి పట్టాయి. హై పవర్ పిస్తోలు కొత్త నమూనాకు రెండు పక్కలా మీటలు వచ్చాయి. చెకోస్లోవాకియాలో సి.జెడ్. 75 పిస్తోలును రెండు చేతులకూ అనువుగా మార్చి సి.జెడ్. 85 అని తెచ్చారు. అమెరికా సైన్యం 1985లో తీసుకున్న ఇటలీ వారి బెరెట్టాకు, 2017లో తీసుకున్న ఎం.17 పిస్తోలుకు కూడా రెండు పక్కలా సేఫ్టీ ఉంది. జర్మనీలో హెక్లర్ అండ్ కాక్ కంపెనీ 1993లో మరో పద్ధతి తెచ్చింది. మీట ఒక్కటే, కావలసినవారికి దాన్ని కుడి పక్కకు మార్చి బిగించవచ్చు.

రెండు పెడితే సరిపోయిందా?

సరిపోదు. రెండు మీటలు పెట్టగానే కొత్త చిక్కులు వస్తాయి. పిస్తోలు నడుముకు కట్టుకున్నప్పుడు ఒక పక్క శరీరానికి, ఇంకో పక్క బయటికి ఉంటుంది. బయటి పక్కనున్న మీట కారు తలుపుకో, కుర్చీ చేతికో తగిలి సేఫ్టీ ఊడే వీలుంది. అందుకని వాడని పక్క మీటను చిన్నదిగా, ఒంటికి అతుక్కుని ఉండేలా చేస్తారు. మరీ చిన్నదైతే ఎడమచేతి వారికి అందదు. ఈ రెంటి నడుమ కొలత కుదర్చడమే రూపకర్త పనితనం.

రెండోది బిగువు. మీట మరీ సులువుగా తిరిగితే గుడ్డ తగిలినా ఊడుతుంది. మరీ బిగుసుకుంటే అవసరానికి కదలదు. తిరిగినప్పుడు టక్కుమని వేలికి తెలియాలి. మన మే నెల ఎండలో చెమటపట్టిన బొటనవేలు జారకుండా మీట మీద గీతలు ఉండాలి. మూడోది గుర్తు. సేఫ్టీ తీసి ఉన్నప్పుడు ఎర్రచుక్క కనబడడం చాలా పిస్తోళ్లలో వాడుక. ఆ చుక్క ఒక పక్కనే ఉంటే ఎడమచేతి మనిషికి అది అరచేతి కింద దాగిపోతుంది. రెండు పక్కలా ఉండాలి.

నాలుగోది అసలైనది. ఏ దిక్కుకు తిప్పితే సేఫ్టీ? 1911 నమూనాలో కిందికి నొక్కితే పేలుతుంది, పైకి నెడితే ఆగుతుంది. బెరెట్టాలో పైకి ఎత్తితే పేలుతుంది, కిందికి దించితే ఆగుతుంది. ఒకదానికి అలవాటుపడిన వేలు రెండోదాని మీద పొరబడుతుంది. అన్ని పిస్తోళ్లూ ఒకటేనని అనుకోవడం అన్నిటికంటే ప్రమాదం.

మీటే లేని తుపాకులు

ఈ తలనొప్పి లేకుండా చేసినవారూ ఉన్నారు. ఆస్ట్రియా సైన్యం 1982లో తీసుకున్న గ్లాక్ పిస్తోలుకు పక్కన మీటే ఉండదు. ట్రిగ్గరు మధ్యలో చిన్న నాలుక లాంటిది ఉంటుంది. వేలు నేరుగా దాన్ని నొక్కితేనే ట్రిగ్గరు కదులుతుంది. లోపల మరో రెండు అడ్డంకులు వాటంతట అవే తొలగుతాయి. ఏ చేయి అయినా ఒకటే. కానీ ట్రిగ్గరు మీద వేలు ఉంటే చాలు, ఆపేది ఏదీ లేదు.

మామూలు రివాల్వరుకూ బొటనవేలి సేఫ్టీ ఉండదు. ట్రిగ్గరును గట్టిగా, చాలా దూరం లాగవలసి రావడమే అక్కడ రక్షణ.

మన బ్యాంకు కాపలాదారుల చేతిలోని రెండు గొట్టాల 12 బోరు తుపాకి ఈ విషయంలో ముందే మంచి దారి చూపింది. దాని సేఫ్టీ ఏ పక్కనా కాక, తుపాకి వీపు మీద, పట్టు దగ్గర నడిమధ్యన ఉంటుంది. ఏ బొటనవేలయినా ముందుకు నెడితే చాలు. చాలా తుపాకుల్లో గొట్టాలు మడవగానే సేఫ్టీ దానంతట అదే పడుతుంది కూడా. అందరికీ అందేచోట పెడితే రెండు పెట్టవలసిన పనే లేదని ఈ పాత తుపాకి చెబుతుంది.

ఇక కొండల వెంబడి పొలాల్లో అడవిపందుల కోసమని కొందరు దాచే నాటు తుపాకి సంగతి వేరే చెప్పనక్కరలేదు. దానికి సేఫ్టీ ఉంటుందన్న భరోసా లేదు, గొట్టం నిలుస్తుందన్న నమ్మకం లేదు. లైసెన్సు లేకుండా ఉంచుకోవడం నేరం కూడా.

చట్టం చెప్పేది

1959 ఆయుధాల చట్టం 1962 అక్టోబరు నుంచి అమలులో ఉంది. పాత నియమాల స్థానంలో 2016లో కొత్త నియమావళి వచ్చింది. లైసెన్సు కోరేవారు ఆయుధాల భద్రత మీద శిక్షణ పొందాలని అందులో ఉంది. 2019 సవరణతో ఒక వ్యక్తికి ఉండదగిన తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో సంబరానికి కాల్చినా, నిర్లక్ష్యంగా కాల్చి ఇతరులను ప్రమాదంలో పడేసినా రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఆ శిక్షణలో చేతివాటం గురించి కూడా మాట్లాడుకోవడం మంచిది. నేర్పేవారు అడగకపోతే నేర్చుకునేవారే చెప్పాలి. ఎడమచేతి వాటం దాచుకోవలసిన లోపం కాదు. గాంధీజీ 1909లో ఓడలో 'హింద్ స్వరాజ్' రాస్తూ కుడిచేయి నొప్పి పుట్టినప్పుడు ఎడమచేత్తో రాశారు. చెప్పడానికి సిగ్గుపడి ప్రమాదం కొనితెచ్చుకోవడం కంటే చెప్పడం మేలు.

చేయవలసినవి

తుపాకి కొనేటప్పుడు ఏ చేత్తో పడతారో ముందే చెప్పాలి. సేఫ్టీ రెండు పక్కలా ఉందా, ఒక పక్కేనా, ఏ దిక్కుకు తిప్పాలి అన్నది అంగట్లోనే ఖాళీ తుపాకి మీద చూసుకోవాలి. ఒక పక్కే ఉంటే, ఎడమచేతి వారు రెండో చేతి బొటనవేలితో తిప్పే అలవాటు చేసుకోవాలి. ట్రిగ్గరు వేలిని ఆ పనికి వాడరాదు.

రెండో మీట కావాలంటే లైసెన్సున్న మరమ్మతుదారు దగ్గరకే పోవాలి. ఊరి కమ్మరి చేత ఆకురాయి పెట్టించి మీటను అరగదీయడం, రంధ్రం వేయించడం చేయరాదు. లోపలి కొక్కెం వెంట్రుకవాసి అరిగినా సేఫ్టీ పేరుకే మిగులుతుంది.

స్టేషన్‌లో జమ చేసేటప్పుడైనా, ఇంట్లో మరొకరికి అందించేటప్పుడైనా సేఫ్టీని నమ్మి ఇవ్వరాదు. ముందు మేగజీను తీయాలి. తర్వాత పైభాగం వెనక్కి లాగి గొట్టంలో తూటా లేదని కంటితో చూడాలి, వేలితో తడిమి చూడాలి. ఆ తర్వాతే అందించాలి. పుచ్చుకున్నవారు మళ్లీ చూడాలి. ఈ వరుస తప్పరాదు. మేగజీను తీసినంత మాత్రాన పిస్తోలు ఖాళీ అయిందనుకోరాదు. గొట్టంలో ఒక తూటా మిగిలి ఉండవచ్చు. తుపాకి ఒకచోట, తూటాలు ఒకచోట, రెండింటికీ తాళం. తాళంచెవి పిల్లలకు అందనిచోట.

ఒక్క మాట మాత్రం మరువరాదు. సేఫ్టీ మీట పొరపాటును ఆపుతుంది గాని, పగను ఆపదు. 2023 మార్చిలో పులివెందులలో పట్టపగలు జరిగిన కాల్పుల్లో ఒకరు మరణించారు. అటువంటి చోట మీట ఏ పక్కనుంటే ఏమి? కోపంతో ఉన్న మనిషి దాన్ని తానే తీస్తాడు. పొరపాటున పోయే ప్రాణాలను కాపాడడం తుపాకి తయారు చేసేవారి పని. బీరువా తాళం తీయవలసిన అవసరమే రాకుండా చూసుకోవడం మన ఊళ్ల పని.